గండికోట లోయలో ఒక రాత్రి, రెండు పగళ్ళు: నీళ్ళు, రాళ్ళు, గుడారం తెలిసి వెళ్ళడానికి సమగ్ర మార్గదర్శి

గండికోటకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఒకటే. సాయంత్రం నాలుగింటికి కారు దిగి, కోటలోంచి గబగబా నడిచి, లోయ అంచు బండల మీద నాలుగు ఫొటోలు తీసుకుని, పొద్దు గూకగానే మళ్ళీ జమ్మలమడుగు దారి పడతారు. మొదటిసారి నేనూ అంతే. రెండోసారి మా బావ, ఇంకో ఇద్దరు స్నేహితులతో కలిసి రాత్రి అక్కడే ఉన్నాను. అప్పుడు చేయని తప్పు లేదు. పదకొండు గంటల ఎండలో లోయలోకి దిగాం, అర లీటరు నీళ్ళతో దిగాం, చెప్పులేసుకుని దిగాం. పైకి ఎక్కేసరికి బావ ముఖం చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ తర్వాత నాలుగైదు సార్లు వెళ్ళాక తెలిసిందేమిటంటే, ఈ లోయలో ఏ పని చేయాలన్న దానికన్నా ఏ గంటకు చేయాలన్నదే ముఖ్యం. కింద రాసిందంతా ఆ గంటల లెక్కే.

ముందు ఆ లోయ సంగతి తెలుసుకోండి

చెరువు గట్టుకు గండి పడింది అంటాం కదా, గండికోటలోని గండి అదే. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయి చేసిన గండి. దాని ఒడ్డున కట్టారు కాబట్టి గండికోట. వైఎస్సార్ కడప జిల్లాలో, జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరం. కోట అంచున నిలబడితే దాదాపు 300 అడుగుల కింద నీళ్ళు కనిపిస్తాయి. ఆ వైపు గోడ కట్టాల్సిన పనే పడలేదు, కొండే గోడ.

ఆ ఎర్రరాయిని చాలామంది గ్రానైట్ అని రాస్తుంటారు. కాదు. అది క్వార్ట్జైట్, అంటే కోట్ల ఏళ్ళ కిందటి ఇసుక గట్టిపడి, ఒత్తిడికి రాయైనది. భూగర్భ శాస్త్రంలో ఈ పొరకు గండికోట క్వార్ట్జైట్ అనే పేరే ఉంది. ఈ తేడా పుస్తకాల్లోనే ఉండిపోయేది కాదు, మీ కాళ్ళకీ చేతులకీ సంబంధించింది. గ్రానైట్ గుండ్రంగా, బోడిగా ఉంటుంది. ఈ రాయి పలకలు పలకలుగా, పెట్టెలు పేర్చినట్టు ఉంటుంది. చేతికి మంచి అంచులు దొరుకుతాయి. అయితే పేర్చిన పెట్టెల్లో ఏదో ఒకటి ఊగేది కూడా ఉంటుంది.

ఇక నీళ్ళు. పెన్న పుట్టింది కర్ణాటకలోని నంది కొండల దగ్గర. 597 కిలోమీటర్లు పారి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. కానీ లోయలో మీరు చూసే నీళ్ళన్నీ వానకు పారి వచ్చినవే అనుకోకండి. కోటకు ఎగువన గండికోట రిజర్వాయరు ఉంది, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. గాలేరు-నగరి పథకంలో భాగం కాబట్టి శ్రీశైలం నుంచి అవుకు మీదుగా కృష్ణా నీళ్ళు కూడా ఇక్కడికి చేరతాయి. దిగువన మైలవరం డ్యాం. కోట కింద లోయలో నిలిచేది ఆ మైలవరం వెనుక నీళ్ళు. అంటే రెండు డ్యాముల మధ్య ఉన్న నీళ్ళవి. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా పైన గేట్లెత్తితే మట్టం పెరుగుతుంది. నిన్న మోకాలి లోతు ఉన్నచోట ఇవాళ తల మునగొచ్చు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే కింద రాసిన సగం జాగ్రత్తలు మీకే తడతాయి.

దీన్ని భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్ అని అంటుంటారు. అమెరికాలో, అరిజోనాలోని అసలుది మైలుకు పైగా లోతు, ఆ పోలిక మన లోయకే ఇబ్బంది. గండికోటకు గండికోట పేరు చాలు.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. ఇంకో మాట లేదు. మార్చి నుంచే కడప జిల్లా ఎండ ఎలా ఉంటుందో ఆ జిల్లావాళ్ళను అడగండి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన గాలి ఆ రాళ్ళ మధ్య సుడి తిరుగుతుంటే, చేత్తో బండను పట్టుకోలేరు.

అక్టోబరు, నవంబరుల్లో లోయ పచ్చగా అందంగా ఉంటుంది, కానీ ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చే కాలమూ అదే. 2021 నవంబరు 19న ఇదే జిల్లాలో, పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో లోయలోకి దిగే కార్యక్రమం పెట్టుకోవద్దు. టికెట్టు డబ్బులు పోతే పోనివ్వండి.

సెలవులు కలిసొచ్చిన శని, ఆదివారాలకు కోట సంతలా ఉంటుంది. వీలైతే వారం మధ్యలో రండి. నక్షత్రాలు చూడాలంటే అమావాస్యకు అటూ ఇటూ మూడు రోజులు చూసుకోండి. వెన్నెల్లో లోయ చూడాలంటే పౌర్ణమికి. రెండూ ఒకే రాత్రి దొరకవు, ముందే తేల్చుకోండి.

చేరుకోవడం, సరుకు సర్దుకోవడం

హైదరాబాద్ నుంచి కర్నూలు, బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు చేరొచ్చు. బెంగళూరు నుంచి కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా వస్తారు. రైలైతే జమ్మలమడుగులోనే స్టేషను ఉంది, కానీ నంద్యాల-ఎర్రగుంట్ల లైనులో బళ్ళు తక్కువ. ముంబై-చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న ముద్దనూరులో దిగి బస్సు పట్టుకోవడం సులువు. జమ్మలమడుగు నుంచి కోటకు బస్సులు కొద్దిగానే తిరుగుతాయి. ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణం కూడా అప్పుడే మాట్లాడేసుకోండి.

పెట్రోలు, డబ్బు, మందులు, పండ్లు, మంచినీళ్ళ క్యాన్లు, అన్నీ జమ్మలమడుగులోనే. కోట దగ్గర చిన్న కొట్లున్నాయి గానీ వాటి మీద ఆధారపడొద్దు. ముఖ్యంగా నీళ్ళు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అని లెక్కవేయండి, అందులో రెండు లీటర్లు లోయలోకి మీ వీపు మీద దిగాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి (ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే, రాళ్ళ మీద ఆ చెయ్యి కావాలి). అడుగున పట్టున్న బూట్లు, తడవడానికి వేరే జత చెప్పులు. మెత్తని పెద్ద తువ్వాలు, పాత నూలు పంచె ఒకటి. పంచె ఎందుకో తర్వాత చెబుతాను.

తిండి గురించి నా మాట వినండి. పొయ్యి, గిన్నెలు మోసుకెళ్ళి లోయ అంచున బిర్యానీ వండాలన్న ఆశ వదిలేయండి. రాయలసీమలో ఉండి రాగి సంగటి, నాటుకోడి పులుసు మానేసి నూడుల్స్ ఉడికించుకోవడమేంటి? ఊళ్ళో ముందే చెబితే భోజనం వండి పెట్టేవాళ్ళుంటారు. పొద్దున ఉగ్గాణి, బజ్జీ దొరికితే వదలొద్దు. లోయలోకి మాత్రం శెనక్కాయలు, బెల్లం, అరటిపండ్లు, కారం బొరుగులు చాలు.

మొదటి పగలు: సాయంత్రాన్ని కోటకివ్వండి

మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి. ఆ రోజు నీళ్ళ జోలికి పోవద్దు. ఎండ వాలే వేళ లోయలోకి దిగితే ఎక్కేసరికి చీకటి పడుతుంది. జరిగే ప్రమాదాల్లో సగం ఆ "ఇంకా వెలుగుంది కదా" అనుకోవడంలోనే ఉన్నాయి.

కోటలో ఊరు ఇంకా ఉంది. మనుషులు కాపురం ఉంటున్న కోట కాబట్టి వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి నడుస్తున్నామన్న గుర్తుండాలి. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. తర్వాత గోల్కొండ సుల్తాను తరఫున ఆయన సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. మాధవరాయ స్వామి గుడి గోపురం, రఘునాథ స్వామి గుడి, జామా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం చూడటానికి గంటన్నర పడుతుంది. ధాన్యాగారంలోకి వెళ్ళి ఒక్కసారి గట్టిగా మాట్లాడి చూడండి, గోడలు తిరిగి పలుకుతాయి.

మసీదు దాటి ముందుకెళితే లోయ అంచు. ఇక్కడ కంచె ఉన్నచోట కన్నా లేనిచోటే ఎక్కువ. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. ఫొటో కోసం వెనక్కి నడవడం అనే అలవాటును కోట గుమ్మం బయటే వదిలి రండి. ఏదైనా అడుగు వేయాలంటే ముందుకే, చూసే వేయాలి. సూర్యుడు దిగుతుంటే ఎరుపు రాయి ఇంకా ఎరుపెక్కుతుంది, అడుగున నీళ్ళు మాత్రం ముందే నల్లబడిపోతాయి. అది చూస్తూ ఒక పని చేయండి: రేపు దిగాల్సిన దారి పైనుంచే చూసి పెట్టుకోండి. ఎక్కడ పొదలున్నాయి, ఎక్కడ పెద్ద బండ అడ్డం ఉంది, నీళ్ళ దగ్గర నిలబడటానికి చోటెక్కడుంది. కిందికి దిగాక అన్ని రాళ్ళూ ఒకేలా ఉంటాయి.

రాత్రి: మేకులు దిగని నేల

ఉండటానికి రెండు దారులు. పర్యాటక శాఖ వారి హరిత హోటల్లో గది తీసుకోవడం, లేదా గుడారం. గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళు స్థానికంగా ఉన్నారు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు వెంట ఉంటే మొహమాటపడకుండా గది తీసుకోండి.

సొంత గుడారం తెచ్చుకునేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బయట గడ్డి నేల మీద వేసే పద్ధతి ఇక్కడ కుదరదు. మేం ఇనుప మేకులు కొట్టడానికి అరగంట తంటాలు పడుతుంటే, పక్క గుడారాలు వేస్తున్న కుర్రాడు చూసి చూసి దగ్గరకొచ్చాడు. "అన్నా, ఈడ మేకులు దిగవన్నా. రాళ్ళు కట్టండి," అన్నాడు. జానెడు మన్ను కింద అంతా బండే. తల కన్నా పెద్ద రాళ్ళు తెచ్చి, తాళ్ళను వాటికి చుట్టి, వాటి మీద ఇంకో రాయి పెట్టాలి. ఆ రాళ్ళు నేల మీద విడిగా పడి ఉన్నవే కావాలి. కోట గోడలోంచి, కూలిన కట్టడం లోంచి ఒక్క రాయి కదపకూడదు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట.

గాలి లోయలోంచి పైకి తన్నుకొస్తుంది. అందుకని అంచుకు బాగా వెనక్కి, వీలైతే పొదకో బండకో చాటుగా వేయండి. గుమ్మం గాలికి ఎదురుగా పెట్టొద్దు. మా గుడారం ఒకటి రాత్రి రెండింటికి బోర్లా పడింది. లోపల ఎవరూ లేకపోబట్టి నవ్వుకున్నాం. అదే అంచు పక్కన వేసుంటే నవ్వేవాళ్ళం కాదు. ఇంకో మాట: గుడారంలోంచి నిద్రమత్తులో లేచి బయటికి నడిచే మనిషికి అంచు ఎటుందో తెలియదు. పడుకునే ముందు అందరూ కలిసి ఒకవైపు ఖాయం చేసుకోండి, రాత్రి లేస్తే ఆ వైపే పోవాలి, టార్చి లేకుండా లేవకూడదు.

బూట్లు గుడారం లోపలే పెట్టుకోండి. పొద్దున తొడుక్కునే ముందు దులపండి. రాళ్ళ సందుల్లో తేళ్ళు, పాములు ఉండే నేల ఇది. కుట్టినా కరిచినా కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం అనేవి ఏవీ వద్దు. ఆ అవయవం కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి. కోతుల అల్లరికి మాత్రం మందు లేదు. తిండి సంచి బయట పెడితే తెల్లారేసరికి మిగిలేది జిప్పే.

మంట వేసుకోవడానికి అనుమతి ఉన్నచోటే, అదీ చిన్నది. ఎండు గడ్డికి నిప్పు అంటుకుంటే ఆ గాలికి ఆపలేరు. నాకైతే మంట లేని రాత్రే ఇష్టం. మంట దగ్గర కూర్చుంటే మంటే కనిపిస్తుంది, చుట్టూ ఉన్న చీకటి కనిపించదు.

రెండో పగలు, తెల్లవారుజాము: దిగడం

అయిదింటికి లేవండి. చలికాలంలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అంచున కూర్చుని అది చూసి, వెలుగు పూర్తిగా వచ్చాక దిగడం మొదలుపెట్టాలి. తొమ్మిదిన్నరకు తిరిగి ఎక్కడం మొదలుపెట్టాలి, పదకొండుకు పైన ఉండాలి. ఎంత బాగున్నా ఈ లెక్క మార్చొద్దు.

దారి తెలిసిన ఊరి మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఆ రోజు నీళ్ళు ఎంతున్నాయో, ఏ వైపు దిగనిస్తున్నారో, ఏది మూసేశారో వాళ్ళకే తెలుస్తుంది. పోలీసులో, పర్యాటక శాఖ వాళ్ళో దిగొద్దంటే వాదన వద్దు.

మెట్లుండవు. బండ మీంచి బండకు దిగడమే. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఈ నాలుగింటిలో మూడు ఎప్పుడూ రాతికి ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. బరువు వేసే ముందు రాయిని కాలితో తట్టి చూడండి. గట్టి రాయి టక్కుమంటుంది, వదులుగా ఉన్నది డొల్లగా మోగుతుంది, లేదా కొద్దిగా ఊగుతుంది. వాలు మరీ ఎక్కువైనచోట లోయకు వీపు పెట్టి, నిచ్చెన దిగినట్టు రాతి వైపు తిరిగి దిగండి. సిగ్గేం లేదు, కూర్చుని జారుకుంటూ దిగినా తప్పులేదు. ఒకరి నెత్తి మీద ఒకరు లేకుండా పక్కపక్కగా దిగాలి. రాయి కదిలితే "రాయి! రాయి!" అని అరవాలి. కింద ఉన్నవాళ్ళు పైకి చూడకుండా బండకు అతుక్కుపోవాలి. పైకి చూసేది సహజం, ముఖానికి దెబ్బ తగిలేదీ అప్పుడే.

ప్రతి పావుగంటకూ వెనక్కి తిరిగి ఎక్కాల్సిన దారి చూడండి. దిగేటప్పుడు కనిపించే దారి వేరు, ఎక్కేటప్పుడు కనిపించేది వేరు.

నీళ్ళ దగ్గర

మా ఊళ్ళో అందరం బావిలో ఈత నేర్చుకున్నవాళ్ళమే. వీపుకు బెండో, ఖాళీ డబ్బానో కట్టి బావిలోకి తోసేవారు. ఆ ఈత మీద నమ్మకంతోనే ఇలాంటిచోట మనుషులు పోతున్నారు. బావికి నాలుగు వైపులా గోడ దగ్గరే ఉంటుంది, అలసిపోతే రెండు బారలేసి పట్టుకోవచ్చు. లోయలో ఆ గోడ లేదు. నీళ్ళ అంచున ఇసుక తిన్నె ఉండి మెల్లగా లోతు పెరగదు, బండ అంచు దాటగానే ఒక్కసారిగా లోతే. బయటికి రావాలంటే పాచి పట్టిన రాయిని పట్టుకోవాలి. పైన ఎండకు గోరువెచ్చగా ఉన్న నీళ్ళు రెండు మూడు అడుగుల కింద చల్లగా తగిలి కాళ్ళు కొంకర్లు పోవచ్చు.

కాబట్టి నా సలహా సూటిగా చెప్పేస్తాను. ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ లేకుండా లోయ నీళ్ళలోకి దిగొద్దు. లోయను నీళ్ళ మీంచి చూడటానికి కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) మంచి దారి. ఇక్కడ శిక్షకులతో, జాకెట్లతో కయాకింగ్ చేయించేవాళ్ళున్నారు. ఎర్రని గోడల మధ్య తెడ్డు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఆ అరగంట కోసం ఎంత దూరం నుంచైనా రావచ్చు. జాకెట్ ఇచ్చాక అన్ని కట్లూ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమనండి. గడ్డం దాటి పైకి జారితే అది మీ కొలతది కాదు, మార్పించుకోండి.

దిగనిచ్చే రోజైతే, దిగనిచ్చే చోటైతే, జాకెట్ వేసుకుని ఒడ్డునే మునకలేయండి. నీళ్ళలో దిగేముందు బయటికి వచ్చే రాయి ఏదో చూసిపెట్టుకోండి. ఒకేసారి ఇద్దరికి మించి దిగకూడదు, ఒడ్డున కనీసం ఒకరు ఫోన్ పక్కనపెట్టి నీళ్ళ వంకే చూస్తూ ఉండాలి. బండ మీంచి దూకడం పూర్తిగా నిషేధించుకోండి. మట్టం రోజూ మారే నీళ్ళలో అడుగున ఏ రాయి ఎంత ఎత్తులో ఉందో నిన్న దూకినవాడికి కూడా తెలియదు. మందు తాగినవాళ్ళు పైనే ఉండిపోవాలి, వాళ్ళను తోడు తీసుకుని దిగొద్దు. నీళ్ళు బురద రంగుకు తిరిగినా, చెత్త, ఆకులు కొట్టుకొస్తున్నా, తడిసిన గీత కన్నా నీరు పైకొచ్చినా అదే క్షణం ఎక్కడం మొదలుపెట్టండి.

ఇప్పుడు పంచె సంగతి. ఎవరైనా మునుగుతుంటే వెనక దూకొద్దు. ఒకరి కోసం ఒకరు దూకి ముగ్గురూ పోయిన వార్తలు మనం పేపర్లో ఎన్ని చదవలేదు? ఒడ్డున పడుకుని పంచె కొంగు విసరండి. చీర విసిరి మనుషుల్ని బయటికి లాగిన ఆడవాళ్ళ గురించీ చదివాం కదా, అదే పద్ధతి. ఖాళీ నీళ్ళ క్యాను మూత బిగించి విసిరినా పట్టుకుని తేలతారు. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో రెండు ఊపిర్లు ఊదాలి. ఆపైన రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కాలి, మళ్ళీ రెండు ఊపిర్లు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. మిగతావాళ్ళు 108కి ఫోన్ చేయాలి. లోయ అడుగున సిగ్నల్ దొరకకపోవచ్చు కాబట్టి ఒకరు ఎప్పుడూ పైనే ఉండేలా చూసుకోండి, ఎన్నింటికి తిరిగొస్తామో వాళ్ళకు చెప్పి దిగండి.

తాడు మీద ఎక్కడం

పైన చెప్పింది చేతులూ కాళ్ళూ ఆనించి దిగడం ఎక్కడం. తాడుతో గోడ ఎక్కడం, రాపెలింగ్ (అంటే తాడు మీద గోడ దిగడం) వేరే విద్య. గండికోటలో సాహస క్రీడల అకాడమీ ఉంది. అలాంటి శిక్షకుల దగ్గరే చేయండి, సొంతంగా తాడు కొనుక్కొచ్చి బండకు కట్టొద్దు. మూడున్నర తర్వాత, గోడ మీద నీడ పడ్డాక మొదలుపెట్టేలా మాట్లాడుకోండి.

శిక్షకుడున్నా మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. హెల్మెట్ తల మీద అటూ ఇటూ కదలకూడదు. నడుముకు కట్టే హార్నెస్ తుంటి ఎముకకు పైన ఉండాలి, పట్టీలో రెండు వేళ్ళు పడితే చాలు, గుప్పెడు పట్టకూడదు. తాడు కట్టిన చోటు ఒక్కటి కాదు, రెండు ఉండాలి, ఒకటి ఊడినా రెండోది పట్టేలా. కొక్కెం లాంటి కారబైనర్‌కు మర తిప్పి బిగించారా అని వేలితో నొక్కి చూడండి. అడగటానికి మొహమాటం వద్దు. అడిగితే చిరాకుపడే శిక్షకుడి తాడు మీద నేనైతే వేలాడను. రాపెలింగ్‌లో అందరూ చేసే తప్పు, భయానికి తాడును గుండెకు హత్తుకుని గోడకు అతుక్కోవడం. అప్పుడు కాళ్ళు జారిపోతాయి. వెనక్కి వాలి, కాళ్ళు ఎడంగా పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టు ఉండి గోడ మీద నడవాలి. మొదటి రెండడుగులే కష్టం.

పూర్తిగా కొత్తవాళ్ళైతే, ముందుగా తెలంగాణలోని భువనగిరిలో నేర్చుకుని రావడం మంచిదని నా అభిప్రాయం. ఆ ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ స్కూలు ఉంది. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ తొలి పాఠాలు ఆ బండ మీదే నేర్చుకుంది. అక్కడ గ్రానైట్ మీద అరికాళ్ళను నమ్మడం నేర్చుకుంటారు, గండికోటకు వచ్చాక అంచుల్ని పట్టుకునే వేళ్ళ పని మిగులుతుంది.

నడి ఎండ గంటలు, తిరుగు దారి

పదకొండు నుంచి మూడున్నర దాకా ఏ పనీ పెట్టుకోవద్దు. భోంచేసి గుడి మండపం నీడలో కునుకు తీయండి. తడి తువ్వాలు మెడ మీద వేసుకోండి. ఎవరికైనా తల తిరగడం, వాంతి, మాట తడబడటం ఉంటే, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

గుడారం ఎత్తేటప్పుడు తాళ్ళకు కట్టిన రాళ్ళను చెల్లాచెదురుగా పెట్టేయండి, లేకపోతే తర్వాత వచ్చేవాళ్ళకు అవి పొయ్యి రాళ్ళుగా కనిపిస్తాయి. చెత్త సంచి జమ్మలమడుగు దాకా మీ బండిలోనే రావాలి. హైదరాబాద్ వైపు పోయేవాళ్ళకు దారిలోనే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు తగులుతాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర దాకా మనల్ని లోపలికి వెళ్ళనిస్తారు. అయితే రాపెలింగ్ ముగించుకున్న సాయంత్రం అక్కడికి పరుగెత్తే పని పెట్టుకోకండి, గుహ గేటు మూసేస్తారు. ఆ రాత్రి జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో పడుకుని, పొద్దున కాళ్ళ నొప్పులు ఎంతున్నాయో చూసుకున్నాక గుహల సంగతి ఆలోచించండి. లోపల ఉక్క ఎక్కువ, మిగిలిన ఓఆర్ఎస్ పొట్లం జేబులో ఉంచుకోండి.